త్రినాథరావు గారి ఒక్క మాట

నవంబరు 11

బిలాస్‌పూర్ కుదుదండ్ పేటలోని ఆ ఇంటికి ఈ రోజు మొదటిసారి వెళ్ళాను. త్రినాథరావు గారు లోకో పైలట్‌గా పదవీ విరమణ చేసినవారు. ఆగస్టులో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాట పూర్తిగా పోలేదు. ఒకటి మిగిలింది.

“పాస్.”

పేరు అడిగితే పాస్. దాహం వేస్తే పాస్. నేను నమస్కరించినప్పుడు ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి, ఎంతో మర్యాదగా, పాస్.

ఇటువంటివారిని నా వృత్తిలో ఇదివరకు చూశాను. మాటలుండే ఇల్లు కూలిపోయినప్పుడు ఒక్కోసారి ఒక గోడ మాత్రం నిలబడి ఉంటుంది. ఒకరికి తిట్టు మిగులుతుంది, ఒకరికి దేవుడి పేరు మిగులుతుంది. ఈయనకు ఒక ఇంగ్లీషు క్రియ మిగిలింది.

ఆయన భార్య అచ్చియమ్మ గారు గుమ్మంలోనే ఆపి చెప్పారు. “మొదట్లో ఆ మాట అన్నప్పుడల్లా బెడ్‌పాన్ పట్టుకుని పరిగెత్తీదాన్ని డాక్టరమ్మా. పాస్ అంటే మన ఇళ్ళల్లో అదే గదా. పాపం, కాఫీ అడిగినా నాను అదే తెచ్చీదాన్ని.” నవ్వారు. ఆ నవ్వు పూర్తికాక ముందే కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

నేను డాక్టరును కాను, స్పీచ్ థెరపిస్టును అని వివరించాను.

“మాట తెచ్చీవాళ్ళు డాక్టర్లు కాకపోతే ఏటి మరి?” అన్నారు.

నవంబరు 13

ఈ రోజు నిఘంటువు తీసి కూర్చున్నాను. దాటు. గడుచు. అందించు. ఉత్తీర్ణమగు. చట్టాన్ని ఆమోదించు. తీర్పు వెలువరించు. ఆటలో తన వంతు వదులుకొను. చూసీ చూడనట్లు పోనిచ్చు. ఇంత చిన్న క్రియ ఇంత దూరం ఎలా నడిచిందో తెలియదు. ఆ వరుసలో ఇంకొక అర్థం కూడా ఉంది. దానిని ఇక్కడ ఎక్కించడం లేదు.

రైల్వేలో అది వేరే జీవితం గడిపింది. సిగ్నల్ పాస్ చేయడం, స్టేషన్ పాస్ చేయడం, ఒక బండి పాస్ అయ్యే వరకు మరొక బండి లూప్ లైన్‌లో వేచి ఉండడం, ఏడాదికి ఇంత అని కుటుంబానికి ఇచ్చే ఉచిత పాస్. ఉద్యోగమంతా ఆయన నోట ఈ మాట ఎన్ని పనులకు వెళ్ళి వచ్చిందో! ఇల్లు తగలబడినప్పుడు చేతికి అందిన వస్తువు పట్టుకుని బయటపడతాం. ఆయన చేతికి ఇది అందింది.

భోజనాల దగ్గర మా వారికి చెప్పాను. నాగభూషణం గారు బొగ్గు కంపెనీలో లెక్కల మనిషి, దేనికీ తొందరపడరు. “మొత్తం ఒక్క మాటే అయితే నీ పని సులువే కదా వసుంధరా,” అన్నారు. తరువాత పప్పు గిన్నె వైపు చెయ్యి చాచి, “పాస్,” అన్నారు.

అందించాను. నవ్వాననే గుర్తు.

నవంబరు 18

ఆ ఒక్క మాటలోని స్వరాలను వేరు చేస్తున్నాను. చివర లేచే పాస్ ప్రశ్న. మెల్లగా సాగే పాస్ అలసట. కిటికీ అవతల బండి కూత వినిపించినప్పుడు పెదవులతో మాత్రమే పలికే పాస్ ఒకటుంది. అది ఎవరినీ ఉద్దేశించినది కాదు.

చిక్కు ఒక్కచోటే ఉంది. అవునుకూ కాదుకూ ఆయన స్వరం ఒకటే. ఎంత వింటున్నా తేడా దొరకడం లేదు.

కోడలు స్వాతి ఇక్కడే పుట్టి, హిందీలోనే చదువుకున్న పిల్ల. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా పని వదిలి వచ్చి ఆయన పక్కన కూర్చుంటుంది. ఎందుకని అడిగాను.

“ముఝే తో అలాగే వినిపిస్తుంది ఆంటీ. పాస్, అంటే దగ్గరికి రా అని. మామయ్య పిలుస్తున్నారు అనుకుంటా, బస్.”

ఆమె విన్నది హిందీ మాట. ఆయన పలికింది అది కాకపోవచ్చు. అయినా ఆమె పక్కన కూర్చున్నంత సేపు ఆయన మరొక్కసారి ఆ మాట అనలేదు.

నవంబరు 19

ఉదయం మేముండే ఉస్లాపూర్ అంతా పొగమంచు. మా బాల్కనీ కింద కట్నీ రైలు లైన్ ఉండవలసిన చోట తెల్లదనం తప్ప మరేమీ లేదు. అందులో నుంచి బొగ్గు బండి ఒకటి, కనబడకుండా, చాలాసేపు పాస్ అయింది.

నేను కూడా ఆ మాట వాడటం మొదలుపెట్టాను.

నవంబరు 25

త్రినాథరావు గారి కుడి పాదం నల్లబడుతోంది. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉంది. బొటనవేలి దగ్గర పుండు మానలేదు. స్పర్శ సరిగా లేని కాలు కనుక బాధ ఆలస్యంగా తెలిసింది. మోకాలి కింది నుంచి తీసివేయాలని సర్జన్ తేల్చారు. లేకపోతే విషం పైకి పాకుతుంది. ఎక్కువ రోజులు లేవు.

ఆసుపత్రివారు భార్య సంతకం చాలన్నారు. అచ్చియమ్మ గారు కలం ముట్టుకోలేదు.

“కాలు ఆయనది. ఆయన చెప్పాల,” అన్నారు. తరువాత నా వైపు తిరిగారు. “మీరు మాట తేనక్కర్లేదు డాక్టరమ్మా. అవునో కాదో, అదొక్కటి తెండి.”

అదొక్కటే అన్నిటికన్నా కష్టమని ఆమెకు ఎలా చెప్పను? చెప్పాను, మెల్లగా. ఆమె తల ఊపి, నాకు టీ తేవడానికి లేచారు.

నవంబరు 26

రెండు అట్టముక్కలు తయారు చేసుకున్నాను. ఆకుపచ్చది అవును. ఎర్రది కాదు. ఎడమ చెయ్యి బాగానే ఉంది కనుక తాకి చూపమన్నాను. ముందు తెలిసిన ప్రశ్నలు అడగాలి, తరువాతే తెలియనివి. అది పద్ధతి.

“మీ పేరు త్రినాథరావా?” ఆకుపచ్చ అట్ట ముందుకు చాచాను. “పాస్,” అన్నారు, స్పష్టంగా. తాకలేదు. “మీ పేరు సూర్యమా?” ఎర్ర అట్ట చూపించాను. మాట లేదు. చెయ్యి కదలలేదు. చూపు అట్ట మీదే నిలిచిపోయింది.

ప్రశ్నలు మార్చాను, అట్టల వరుస మార్చాను. పచ్చదానికి ప్రతిసారీ పాస్. ఎర్రదానికి ప్రతిసారీ నిశ్శబ్దం. అడిగిన ప్రశ్నతో సంబంధం లేదు.

స్పందన నమ్మదగినది కాదు అని రాసుకున్నాను.

నవంబరు 27

ఆయనకు ఏమీ అర్థం కావడం లేదేమో. ఆ మర్యాద, ఆ స్వరాలు, అన్నీ నేను చేర్చినవేనేమో.

నవంబరు 28

వెళ్ళలేదు. తలనొప్పి అని ఫోన్ చేశాను. తలనొప్పి లేదు.

మధ్యాహ్నం కునుకులో ఒక కల. పొడవైన ప్లాట్‌ఫారం మీద త్రినాథరావు గారు నిలబడి ఉన్నారు, రెండు కాళ్ళ మీద. ఆయన ఎదురుగా అన్నీ పాస్ అవుతున్నాయి: మంచు, కిటికీలు, ఎవరివో పెళ్ళి బాజాలు, తడి బట్టల తీగ. ఏదీ ఆగడం లేదు. ఆయన ప్రతిదానికీ చెయ్యి ఎత్తుతున్నారు. నేను కూడా ఎదురుగా వెళ్ళాను. నాకు కూడా చెయ్యి ఎత్తారు.

నవంబరు 29

వాళ్ళ అబ్బాయి దిలీప్ అసిస్టెంట్ లోకో పైలట్. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా గడపలో నిలబడి నా అట్టముక్కల పరీక్ష చూశాడు. నేను ఎర్రది ఎత్తినప్పుడు నవ్వేశాడు.

“మేడమ్, ఎర్ర సిగ్నల్ చూపించి జవాబు చెప్పమంటే ఏటి చెప్తారు? ఆగుతారు.”

అట్ట నా చేతిలోనే ఉండిపోయింది.

“ఇంజిన్‌లో ఇద్దరం ఉంటాం గదా,” అని అతను వివరించాడు. “సిగ్నల్ కనబడగానే చెయ్యి చాపి దాని రంగు ఒకలం గట్టిగా అంటాం, రెండోవాళ్ళు మళ్ళీ అనాల. పచ్చ అయితే పోవడమే. ఎర్ర అయితే మాట్లాడీదేటి ఉంది, బ్రేకే. నాన్న మీ అట్టలు చూసి డ్యూటీ చేస్తన్నారు.”

త్రినాథరావు గారు కొడుకు వైపు చూశారు. ఆ చూపును ఏమనాలో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఇన్నాళ్ళకు ఒకరు తలుపు తీసినట్టు.

నేను ఆయనకు ఎంపిక ఇస్తున్నాననుకున్నాను. ఆయనకు అందింది ఆజ్ఞ. నిశ్శబ్దాన్ని నేను శూన్యంగా లెక్కవేశాను, అది విధేయత. అయితే ఆయనే సిగ్నల్ ఇచ్చే సందర్భం ఎక్కడైనా ఉందా అని అడిగాను.

“అచ్ఛా, ఉంది గదా. ఆగకుండా స్టేషన్ దాటేటప్పుడు స్టేషన్ మాస్టరు జెండా చూపిస్తాడు, మనమూ తిరిగి చూపించాల, అంతా బాగున్నాదని. బాగులేకపోతే ఎర్రది.” అంటూనే దిలీప్ తన డ్యూటీ సంచిలో నుంచి రెండు జెండాలు తీసి తండ్రి ఒడిలో పెట్టాడు.

ఆయన వాటిని కొంతసేపు నిమిరారు.

“మీ పేరు సూర్యమా?” ఎర్రది లేచింది. “ఇది బిలాస్‌పూరా?” పచ్చ. “నేను మీ చెల్లెలినా?” ఎర్ర. “స్వాతి మీ కోడలా?” పచ్చ. జెండాల చోటు మార్చాను, ప్రశ్నలను తిరగేశాను, పొడవు చేశాను. ఒక్కటి తప్పలేదు.

అచ్చియమ్మ గారు నన్ను పక్కకు జరిపి ముందుకు వచ్చారు. “నాను పెట్టే చేపల పులుసు బాగుంటాదా?”

ఆయన ఆలోచించారు. ఎర్ర జెండా ఎత్తారు.

“చూసినారా!” అన్నారు ఆమె. మొహమంతా వెలిగిపోయింది. “ఇన్నేళ్ళకి నిజం చెప్పినాడు.”

ఇంటికి వచ్చే దారంతా ఎండ. ఇంత ఆనందంగా ఎప్పుడు ఉన్నానో గుర్తు లేదు.

నవంబరు 30

అడిగాను. కుడి కాలు మోకాలి కింది నుంచి తీసివేయడానికి ఒప్పుకుంటారా అని.

ఎర్ర.

తీసివేయకపోతే ప్రాణానికి ప్రమాదమని తెలుసా? పచ్చ. మరి, తీసివేయవద్దంటారా? పచ్చ. తీయమంటే, మీకు సమ్మతమేనా? ఎర్ర. దిలీప్ చేత అడిగించాను, హిందీలో స్వాతి చేత అడిగించాను. అదే.

అచ్చియమ్మ గారు ఆ గదిలోనే ఉన్నారు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చినా ఎవరూ లేవలేదు.

ఎవరూ ఇవ్వలేని జవాబు తెస్తాను అనుకున్నానే గాని, ఆ జవాబు ఏదవుతుందో నేను ఆలోచించనే లేదు. లేదు, ఆలోచించాను. పచ్చ అవుతుందనుకున్నాను.

డిసెంబరు 1

ఆ జవాబు తెలిసి, ఉదయం సర్జన్ ఫోన్ చేశారు. మంచి మనిషి, మాట దాచరు. “రోగికి విషయం అర్థం కావడం లేదని మీరు ఒక వాక్యం రాసి ఇవ్వండి. భార్య సంతకం చెల్లుతుంది. ఆయన బతుకుతారు. ఎలాగూ పనిచేయని కాలు.”

సాయంత్రం అచ్చియమ్మ గారు మా ఇంటికి వచ్చారు, ఒక్కరే, ఆటోలో. ఎప్పుడూ రాలేదు. కుర్చీ అంచున కూర్చున్నారు.

“ఆయనకి తెల్దని రాసీయండి.”

“ఆయనకు తెలుసమ్మా. మీరే చూశారు.”

“నాను చూడలేదు,” అన్నారు. “నానేటీ చూడలేదు. నిన్న జెండా అలగ ఎత్తినాడు, అంతే. చేతికొచ్చింది ఎత్తినాడు. మీరే గదా ముందు రాసినారు, నమ్మడానికి లేదని? అదే ఉంచీయండి.”

నా మాటే నాకు తిరిగి ఇచ్చారు. నేను ఇచ్చిన టీ ఆమె తాగలేదు.

డిసెంబరు 2

రాయలేదు.

డిసెంబరు 3

ఈ రోజు కూడా రాయలేదు.

నాగభూషణం గారు గమనించారు. “రాస్తే ఏమవుతుంది?” అని అడిగారు.

“ఆయన బతుకుతారు.”

“రాయకపోతే?”

నిఘంటువులో నేను ఎక్కించని అర్థం ఈ రోజు మా బల్ల మీద, ఉప్పు సీసా పక్కన, వచ్చి కూర్చుంది. ఎక్కిస్తున్నాను. చనిపోవు.

మా వారు కంచం పక్కకు జరిపి, “ఆయనకు అర్థమవుతుందని తెలిసినవాళ్ళు ప్రపంచంలో మీరు నలుగురే, కదూ?” అన్నారు. అంతే అన్నారు.

అవును, నలుగురమే. అందులో ఒకరు చూడలేదంటున్నారు. నేను కూడా చూడలేదంటే ఆ గదిలో ఆయన మళ్ళీ ఒంటరివారవుతారు. ఒక కాలు లేకుండా, తన మాట ఎవరికీ అందలేదని తెలుసుకుంటూ, బతికి ఉంటారు. ఆయన ఒప్పుకోకుండా బతికించడం, ఆయన మాట ఒప్పుకుని పోనివ్వడం: ఈ రెండింటిలో దయ ఏదో నాకు ఎవరూ నేర్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం మాత్రం నేర్పారు.

డిసెంబరు 4

రాశాను. రోగికి ప్రశ్నలు అర్థమవుతున్నాయి. స్పందన నమ్మదగినది. శస్త్రచికిత్సకు నిరాకరించారు.

సర్జన్ కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రెండు రోజులు చూస్తాను. అంతకు మించితే నేను చేయగలిగింది ఉండదు,” అన్నారు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

కుదుదండ్ వెళ్ళి నేనే చెప్పాను. అచ్చియమ్మ గారు బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తలేదు. “చదువుకున్నోళ్ళకి కాయితం ముఖ్యం. వెళ్ళిరండి,” అన్నారు.

డిసెంబరు 5

నిన్న వెళ్ళమన్నారు కనుక వచ్చేశాను. ‘వెళ్ళిరండి’లో రమ్మనడం కూడా ఉంది కదా, ఈ రోజు మళ్ళీ వెళ్ళాను.

రాత్రంతా ఒకటే ఆలోచన. కాదు అన్నది విన్నాం గాని, ఎందుకని ఎవరూ అడగలేదు. రెండు జెండాలతో ఎందుకు అన్నది చెప్పలేరు. కనుక ఆ ప్రశ్నను నేను ముక్కలు చేయాలి, చేప ముల్లు తీసినంత ఓపికగా.

ఆయన పక్కన కూర్చున్నాను. నొప్పికి భయమా? ఎర్ర. ఆపరేషన్‌లో పోతాననా? ఎర్ర. జీవితం చాలనిపించిందా? ఆయన జెండాలు రెండూ ముట్టుకోకుండా కిటికీ వైపు చూశారు. తరువాత ఎర్ర.

ఆ ఎర్రను చూసినప్పుడు నాకు ఊపిరి ఆడింది.

నడవలేననా? పచ్చ వైపు చెయ్యి వెళ్ళి, ఆగింది. దగ్గరకు వచ్చానని తెలిసింది. ఎవరిమీదనో ఆధారపడాలనా? పచ్చ. దిలీప్ మీదనా? ఎర్ర. స్వాతి? ఎర్ర.

“అచ్చియమ్మ గారికి కష్టమవుతుందనా?”

పచ్చ జెండా లేచింది. దించలేదు.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె తడి చేతులతోనే వచ్చి ఆయన ఎదుట నిలబడ్డారు.

“నాకు కష్టమని నీతో ఎవరు చెప్పినారు మావా? నాను చెప్పినానేటి?”

“పాస్.”

“పాస్ కాదు. నా మాట విను. నీళ్ళు పోసీదాన్ని నాను, గెడ్డం గీసీదాన్ని నాను. నీ బరువు నాకు తెల్దేటి? కాలు తీసేస్తే బరువు తగ్గుతాది గానీ పెరుగుతాదేటి?”

ఆయన గొంతులో ఏదో శబ్దం వచ్చింది. నవ్వని తెలియడానికి క్షణం పట్టింది. ఆమె నవ్వలేదు.

“నువ్వు డ్యూటీకెళ్ళినన్నాళ్ళూ ఎప్పుడొస్తావో తెలీక అన్నం మీద మూత పెట్టుకుని కూకున్నాను. అది కష్టం. ఇంట్లో ఉన్న మనిషిని లేపి కూకోబెట్టడం కష్టమేటి? ఒకలికి చెప్పకుండా నీలో నువ్వే అనుకుని, నీలో నువ్వే జెండా ఊపీసినావు. నన్నొక మాట అడిగినావేటి? నువ్వెళ్ళిపోతే నాను మళ్ళీ మూత పెట్టుకుని కూకోవాల. ఈసారి ఎవరి కోసం?”

పాస్, అన్నారు ఆయన. పాస్, పాస్. ఇన్ని వారాల్లో నేను వేరు చేసుకున్న స్వరాలలో అది దేనికీ సరిపోలేదు. సరిపోల్చే ప్రయత్నం మానుకున్నాను. నేను బయట వరండాలో చెప్పులు వేసుకుంటున్నప్పుడు కూడా ఆమె తిడుతూనే ఉన్నారు. ఆగస్టు నుంచి ఆయనను ఎవరూ తిట్టలేదని అప్పుడు తోచింది. జవాబు చెప్పగలవాడినే కదా తిడతాం.

మళ్ళీ అడగలేదు. ఆ గదిలో ఈ రోజు అడగవలసినది నేను కాదు.

డిసెంబరు 6

ఉదయం దిలీప్ ఫోన్ చేసి, నాన్నను ఆసుపత్రికి తీసుకువెళ్తున్నామని చెప్పాడు. ఏం తేలిందని అడిగాను. “తెల్దు మేడమ్. అమ్మ బట్టలు సర్దింది, నాన్న ఊరుకున్నారు,” అన్నాడు.

ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు. ఆటోలో ఆసుపత్రి దాకా అదే అనుకుంటూ వెళ్ళాను.

వార్డులో మంచం పక్కన సర్జన్ నిలబడి ఉన్నారు. అచ్చియమ్మ గారి చేతిలో కాగితం, కలం. హడావుడిలో జెండాలు ఇంట్లోనే మరిచిపోయారు. దిలీప్ వెళ్ళి తెస్తానన్నాడు. సర్జన్ గడియారం చూసుకున్నారు.

నేను త్రినాథరావు గారి కళ్ళకు సమానంగా వంగాను. తొందరపడకుండా, ఒక్కో మాటా విడివిడిగా అడిగాను. “కుడి కాలు మోకాలి కింది నుంచి తీసివేస్తారు. మీ బదులు అచ్చియమ్మ గారు సంతకం పెడతారు. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే ఆపించే బాధ్యత నాది. ఆమె పెట్టవచ్చా?”

ఆయన ఆ ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ముఖం వైపు చూశారు, చాలాసేపు. ఆమె అడగలేదు, బతిమాలలేదు.

ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. ఆమె మణికట్టు పట్టుకున్నారు. కలం ఉన్న ఆ చేతిని కాగితం మీదికి నెట్టారు. ఆమె కదలకపోతే మళ్ళీ నెట్టారు, ఇంకొంచెం గట్టిగా.

“నెట్టకు మావా,” అన్నారు అచ్చియమ్మ గారు. “రాస్తన్నాను గదా.”